చైనా జాతకంలో మీ జంతువేది, మీ తత్వమేది: కాగితం, పెన్నుతో మీరే చూసుకునే పద్ధతి

పుట్టిన సంవత్సరం, పక్కన ఒక జంతువు బొమ్మ, కింద నాలుగు విశేషణాలు. వాట్సాప్‌లో తిరిగే ఈ పట్టిక మీరూ చూసే ఉంటారు. 1988 అయితే డ్రాగన్, ధైర్యవంతులు. 1991 అయితే మేక, సున్నిత మనస్కులు. ఆ లెక్కన ఒక పదో తరగతి సెక్షన్‌లో కూర్చున్న పిల్లలందరిదీ దాదాపు ఒకే స్వభావం కావాలి. ఏ టీచర్ని అడిగినా నవ్వుతారు.

చైనాలో జాతకం చెప్పేవాళ్లు కూడా అలా చూడరు. వాళ్లకి సంవత్సరపు జంతువు పై పొర మాత్రమే. దాని కింద చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదు తత్వాలు ఒకదాన్నొకటి పెంచుకుంటూ, అణచుకుంటూ ఉంటాయి. మనిషి ఎలాంటివాడో చెప్పాల్సి వచ్చినప్పుడు వాళ్లు తూచేది ఈ లాగులాటని. సింగపూర్‌లోనో మలేషియాలోనో ఉండే తెలుగువాళ్లని ఆఫీసులో చైనీస్ సహోద్యోగి ఎప్పుడో ఒకప్పుడు "మీదే జంతువు?" అని అడిగే ఉంటారు. (వయసు నేరుగా అడగకుండా తెలుసుకునే మర్యాదైన దారి అది.) ఈసారి జంతువుతో పాటు తత్వం కూడా చెప్పండి, వాళ్ల ముఖం వెలుగుతుంది.

కావలసినవి పుట్టిన తేదీ, తెలిస్తే పుట్టిన సమయం, ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్. ఇదంతా నమ్మకం లెక్క, శాస్త్రం నిరూపించినది కాదు. ఆ ఎరుకతోనే మొదలుపెట్టండి.

1. ముందు మీ సంవత్సరం ఖాయం చేసుకోండి

చైనా కొత్త సంవత్సరం జనవరి 1న రాదు. చాంద్రమానం ప్రకారం అమావాస్య రోజున, మన ఉగాదికి ఒకటి రెండు నెలల ముందు వస్తుంది. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఏ రోజైనా కావచ్చు. 1966లో జనవరి 21నే వచ్చేసింది. 1985లో ఫిబ్రవరి 20 దాకా ఆగింది.

ఫిబ్రవరి 20 దాటాక పుట్టినవాళ్లకి ఏ చిక్కూ లేదు, సంవత్సరం ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. సంక్రాంతి రోజుల్లో పుట్టినవాళ్లకీ చిక్కు లేదు, వాళ్లెప్పుడూ వెనకటి సంవత్సరం కిందికే వస్తారు. జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 దాకా ఏ రోజున పుట్టినవాళ్లైనా మాత్రం తేదీ చూసుకోవాలి. 1985 నుంచి 2004 దాకా ఇవిగో:

1985 ఫిబ్రవరి 20, 1986 ఫిబ్రవరి 9, 1987 జనవరి 29, 1988 ఫిబ్రవరి 17, 1989 ఫిబ్రవరి 6, 1990 జనవరి 27, 1991 ఫిబ్రవరి 15, 1992 ఫిబ్రవరి 4, 1993 జనవరి 23, 1994 ఫిబ్రవరి 10, 1995 జనవరి 31, 1996 ఫిబ్రవరి 19, 1997 ఫిబ్రవరి 7, 1998 జనవరి 28, 1999 ఫిబ్రవరి 16, 2000 ఫిబ్రవరి 5, 2001 జనవరి 24, 2002 ఫిబ్రవరి 12, 2003 ఫిబ్రవరి 1, 2004 జనవరి 22.

మీ పుట్టినరోజు ఆ తేదీకి ముందుంటే ఒక సంవత్సరం తగ్గించి రాసుకోండి.

ఇక్కడో తగువు ఉంది. మామూలు జనం ఈ పండగ తేదీనే పాటిస్తారు. పుట్టిన గంటతో సహా పూర్తి జాతకం వేసేవాళ్లు సూర్యమానం పట్టుకుంటారు. వాళ్లకి సంవత్సరం ఫిబ్రవరి 4 ప్రాంతంలో, సూర్యుడు తన వార్షిక మార్గంలో 315 డిగ్రీలకి చేరిన క్షణాన మారుతుంది. జపాన్‌లో జనవరి 1తోనే జంతువు మారిపోతుంది. ఒకే మనిషికి రెండు చోట్ల రెండు జంతువులు రావడానికి కారణం ఇదే. సరదాగా చూసుకునేటప్పుడు పండగ తేదీ వాడండి. కింద 6వ మెట్టు నుంచి ఫిబ్రవరి 4 వాడండి. రెండూ కలిపేస్తే లెక్క పాడవుతుంది.

2. జంతువు పట్టండి

సంవత్సరాన్ని 12తో భాగించి శేషం చూడండి. ఫోన్ దశాంశాలు చూపిస్తే, చుక్కకి ముందున్న అంకెని 12తో గుణించి సంవత్సరంలోంచి తీసేయండి. 1990ని 12తో భాగిస్తే 165.83 వస్తుంది, 165 పన్నెండ్లు 1980, మిగిలింది 10.

శేషం 4 అయితే ఎలుక, 5 ఎద్దు, 6 పులి, 7 కుందేలు, 8 డ్రాగన్, 9 పాము, 10 గుర్రం, 11 మేక, 0 కోతి, 1 కోడిపుంజు, 2 కుక్క, 3 పంది.

స్వభావాలు క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే పట్టికల్లో దొరికేది ఇదే. ఎలుకది చురుకు, పొదుపు, అవకాశాన్ని ముందే పసిగట్టే ముక్కు. ఎద్దుది ఓర్పు, దాంతోపాటే మొండితనం. పులి తెగిస్తుంది, ఒకరి కింద పనిచేయలేదు. కుందేలు గొడవని పక్కనుంచి దాటేస్తుంది. డ్రాగన్ చక్రవర్తుల గుర్తు కాబట్టి దానికి పెద్ద ఆశలు అంటగట్టారు. 1976, 1988 డ్రాగన్ సంవత్సరాల్లో తైవాన్, హాంకాంగ్, సింగపూర్ చైనీయుల్లో జననాలు పెరిగాయి కూడా. గుర్రానికి కట్టుబాటు నచ్చదు. మేకది కళ, దయ, ఎవరో ఒకరి అండ కోరుకోవడం. కోతిది తెలివి, కొంటెతనం. కోడిపుంజు వేళకి లేస్తుంది, వేళకి లేవనివాళ్లని సహించదు.

పాము, కుక్క, పంది దగ్గర మన చెవులు మనల్ని మోసం చేస్తాయి. పాము అనగానే మనకి పగ గుర్తొస్తుంది. అక్కడ దాన్ని చిన్న డ్రాగన్ అంటారు, లోతైన ఆలోచన, తక్కువ మాట దాని లక్షణాలు. కుక్క అక్కడ నిజాయితీకి, మాట తప్పనితనానికి గుర్తు. పంది నిండు గాదెలకి, తిండికి లోటులేని ఇంటికి గుర్తు. ఇంటికెళ్లి మేనమామకి "మీరు పంది, మామయ్యా" అని చెప్పే ముందు ఈ వివరణ ముందుగా చెప్పండి.

ఈ జంతువులకీ మనుషుల స్వభావాలకీ ముడి ఎక్కడ పడిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1975లో చైనాలోని హుబే ప్రాంతంలో, షుయ్‌హుది అనే చోట, క్రీస్తుపూర్వం 217 ప్రాంతంలో పూడ్చిన ఒక అధికారి సమాధిలో వెదురు బద్దల మీద రాసిన గ్రంథాలు దొరికాయి. వాటిలో జంతువుల జాబితా ఉన్నది పెళ్లిసంబంధాల కోసం కాదు, దొంగల్ని పట్టడం కోసం. ఎలుక రోజున దొంగతనం జరిగితే దొంగకి కోసుమూతి, పలచటి మీసం ఉంటాయని అందులో ఉంది. ఆ జాబితా నేటి జాబితాతో పూర్తిగా కలవదు కూడా. ఇప్పుడు గుర్రం ఉన్న చోట అందులో జింక ఉంది, మేక ఉన్న చోట గుర్రం ఉంది. వియత్నాంలో ఇప్పటికీ కుందేలు స్థానంలో పిల్లి, ఎద్దు స్థానంలో గేదె. కాబట్టి జంతువు మీద మరీ భారం మోపకండి.

3. సంవత్సరపు తత్వం: చివరి అంకె చాలు

ఇది అన్నిటికంటే తేలిక. మొదటి మెట్టులో ఖాయం చేసుకున్న సంవత్సరంలో చివరి అంకె 4 లేదా 5 అయితే చెట్టు. 6, 7 నిప్పు. 8, 9 మట్టి. 0, 1 లోహం. 2, 3 నీరు. సరి అంకె యాంగ్, అంటే బయటికి దూకే రకం. బేసి అంకె యిన్, అంటే లోపల్లోపల పనిచేసే రకం. 1990 యాంగ్ లోహపు గుర్రం. 1991 యిన్ లోహపు మేక.

యాంగ్, యిన్ కలిపితే ఐదు తత్వాలూ పదవుతాయి. పది తత్వాలు, పన్నెండు జంతువులు పక్కపక్కన తిరిగితే మళ్లీ మొదటి జోడీ కలవడానికి 60 ఏళ్లు పడుతుంది. మన ప్రభవాది షష్టి సంవత్సరాల చక్రం కూడా అరవయ్యే కదా. అరవై నిండితే మనం షష్టిపూర్తి చేస్తాం. జపాన్‌లో అరవై నిండిన పెద్దలకి ఎర్ర చొక్కా తొడుగుతారు, చక్రం తిరిగి మొదటికొచ్చిందని.

రెండు చక్రాలూ ఒకే ఏడు మొదలవవు. చైనా చక్రం ఈసారి 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. అయితే ఆ 1987 చైనా లెక్కలో నిప్పు కుందేలు, టిబెట్ వాళ్లు తమ అరవై ఏళ్ల చక్రాన్ని మొదలుపెట్టేది సరిగ్గా నిప్పు కుందేలుతోనే, అంటే మన ప్రభవతోనే. 1027లో కాలచక్ర సంప్రదాయంతో పాటు వాళ్లకా లెక్క అందింది. బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో అని ఆ సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపింది అందుకే. చైనా జంతువులు, భారతీయ అరవై ఏళ్లు ఒకే పంచాంగంలో కలిసి కూర్చున్న చోటు టిబెట్.

ఒక హెచ్చరిక. కొన్ని యాప్‌లలో మీ తత్వం వేరేగా కనిపించవచ్చు. చైనాలో ఇంకో పాత వర్గీకరణ ఉంది, రెండేసి సంవత్సరాల్ని జతచేసి ఒక్కో జతకి ఒక బొమ్మ కడుతుంది. 1984, 85 అందులో "సముద్రంలో బంగారం", 1986, 87 "కొలిమిలో నిప్పు", 1988, 89 "మహారణ్యపు చెట్టు", 1990, 91 "దారి పక్క మట్టి", 1992, 93 "కత్తి అంచు లోహం". కాబట్టి 1990 వాళ్లని ఒకరు లోహపు గుర్రం అని, ఇంకొకరు మట్టి గుర్రం అని అంటే రెండూ తప్పు కాదు. మనం వాడుతున్నది చివరి అంకె పద్ధతి, చివరిదాకా దాంతోనే వెళ్దాం.

4. ఐదు తత్వాల నడక నేర్చుకోండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడండి. మిగతాదంతా దీని మీదే కట్టాలి.

ఐదు అనగానే మనకి పంచభూతాలు గుర్తొస్తాయి. ఆ పోలిక ఇక్కడే వదిలేయండి. చైనా ఐదింటిలో గాలి లేదు, ఆకాశం లేదు. చెట్టు, లోహం ఉన్నాయి. మన పంచభూతాలు ప్రపంచం దేంతో తయారైందో చెబుతాయి. వాళ్ల ఐదూ ఒక పని ఏ దశలో ఉందో చెబుతాయి. మొలకెత్తి పైకి రావడం చెట్టు. నిండుగా విప్పారడం నిప్పు. నిలదొక్కుకోవడం మట్టి. పండి గట్టిపడి తెగి వేరవడం లోహం. లోపలికి ముడుచుకుని దాగడం నీరు. అందుకే చెట్టుది వసంతం, తూర్పు. నిప్పుది వేసవి, దక్షిణం. లోహానిది శరత్తు, పడమర. నీటిది చలికాలం, ఉత్తరం. మట్టి నడిమధ్యన ఉండి, ప్రతి రుతువు చివర పద్దెనిమిది రోజుల చొప్పున తన వాటా తీసుకుంటుంది.

పోషించే వరస ఇది: చెట్టు మండి నిప్పవుతుంది, నిప్పు బూడిదై మట్టిలో కలుస్తుంది, మట్టిలోంచి లోహం వస్తుంది, లోహం మీద చెమ్మ పట్టి నీరవుతుంది, నీరు చెట్టుని పెంచుతుంది. అణిచే వరస ఇది: చెట్టు వేళ్లు మట్టిని చీలుస్తాయి, మట్టికట్ట నీటిని ఆపుతుంది, నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, గొడ్డలి చెట్టుని నరుకుతుంది. ఈ రెండు వరసలూ కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోండి.

అణచడం అంటే చెడు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కట్ట లేని గోదావరి ఎవరికి లాభం? కొలిమిలో కాలని ఇనుము నాగలి కాలేదు. ఎక్కువైన తత్వాన్ని అదుపులో పెట్టేది దొరికితే జాతకం బాగుందంటారు.

చైనా రాజకీయాలు కూడా ఈ లెక్కలోనే నడిచాయి. రాజవంశాలు ఈ తత్వాల వరసలోనే ఒకదాన్నొకటి ఓడిస్తాయని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో జౌ యాన్ అనే పండితుడు చెప్పాడు. చిన్ వంశపు మొదటి చక్రవర్తి తన రాజ్యానికి నీటి తత్వం తీసుకుని, నీటి రంగైన నలుపుని రాజచిహ్నంగా పెట్టుకున్నాడు.

ఇక మనుషుల సంగతి. ఒక్కో తత్వానికీ ఒక గుణం, ఒక ఉద్వేగం కట్టారు. చెట్టుకి దయ, కోపం. చెట్టు మనుషులు పదిమందికి నీడనిస్తారు, కొత్త పని మొదలుపెట్టడమంటే ఇష్టం, ఎదగనివ్వకపోతే కోపం నరనరానా పాకుతుంది. నిప్పుకి మర్యాద, ఆనందం. గదిలోకి రాగానే వెలుగు తెస్తారు, సభ మర్యాద తెలుసు, తొందరగా అంటుకుని తొందరగా ఆరిపోతారు. మట్టికి నమ్మకం, విచారం. చెప్పిన మాట నిలబెట్టుకుంటారు, అప్పు తీరుస్తారు, కానీ ఒక ఆలోచన పట్టుకుంటే రాత్రంతా దాన్నే నెమరేస్తారు. లోహానికి న్యాయం, దుఃఖం. తప్పుని తప్పని ముఖం మీదే అంటారు, తెగతెంపులు చేసుకోగలరు, పోయినదాన్ని మాత్రం మర్చిపోరు. నీటికి వివేకం, భయం. ఏ పాత్రలో పోస్తే ఆ రూపానికి సర్దుకుంటారు, దారి లేనిచోట దారి వెతుకుతారు, లోపల ఏముందో బయటపెట్టరు.

5. పైతత్వం, కిందితత్వం పక్కపక్కన పెట్టండి

చాలా పట్టికలు చెప్పని మాట ఒకటుంది. జంతువులకి సొంత తత్వాలున్నాయి, అవి ఎప్పటికీ మారవు. పులి, కుందేలు చెట్టు. పాము, గుర్రం నిప్పు. కోతి, కోడిపుంజు లోహం. పంది, ఎలుక నీరు. ఎద్దు, డ్రాగన్, మేక, కుక్క మట్టి.

చివరి అంకె నుంచి వచ్చిన తత్వాన్ని పైన రాయండి. జంతువు సొంత తత్వాన్ని కింద రాయండి. పైది లోకానికి కనిపించేది, కిందిది లోపల వేరు. ఇప్పుడు 4వ మెట్టులోని రెండు వరసలు చూసి, ఈ రెండింటి మధ్య సంబంధం ఏమిటో తేల్చండి.

గుర్రాన్నే తీసుకుందాం. 1954 గుర్రానికి పైన చెట్టు, కింద నిప్పు. చెట్టు నిప్పుకి కట్టెలందిస్తూ ఉంటుంది. ఉత్సాహానికి లోటుండదు, కానీ ఇచ్చి ఇచ్చి తరిగిపోయేది పైదే. అందరికీ పనులు చేసిపెట్టి సాయంత్రానికి నీరసపడే మనిషి. 1966కి పైన నిప్పు, కింద నిప్పు. దీని కథ చివర చెబుతాను. 1978కి పైన మట్టి, కింద నిప్పు. లోపలి వేడి బయటి నిలకడకి బలమిస్తుంది. గుర్రాల్లోకెల్లా కుదురైన గుర్రం ఇదే. 1990కి పైన లోహం, కింద నిప్పు. బయటికి నిక్కచ్చి, లోపల కొలిమి. తను పెట్టుకున్న నియమాలని తనే కరిగించుకుంటూ ఉండే రకం. 2002కి పైన నీరు, కింద నిప్పు. ముఖం ప్రశాంతం, లోపల తహతహ, తనని తనే ఆపుకోవడంలో సగం శక్తి పోతుంది.

అయిదు గుర్రాలు, అయిదు స్వభావాలు. మీ సంవత్సరానికి ఇలాగే చేయండి. 1986 పులికి కింద చెట్టు, పైన నిప్పు, లోపలి నుంచి కట్టెలు అందుతూనే ఉంటాయి. 1992 కోతికి లోపలి లోహం బయటి నీటిని పుట్టిస్తుంది, తెలివి మీద తెలివి. 1996 ఎలుకకి కింద నీరు, పైన నిప్పు, సభలో మెరిసిపోయి ఇంటికొచ్చి దిగులుపడే మనిషి. 1988 డ్రాగన్‌కి పైనా కిందా మట్టే, కదిలించడం కష్టం.

చాలామందికి ఇక్కడిదాకా చాలు. ఇంకా లోపలికి వెళ్లాలనుంటే చదవండి.

6. పుట్టిన రోజు తత్వం తీయండి

సంవత్సరానికి ఉన్నట్టే నెలకీ, రోజుకీ, గంటకీ రెండేసి అక్షరాలుంటాయి, పైతత్వానికొకటి, జంతువుకొకటి. మొత్తం ఎనిమిది. వీటిలో రోజు పైతత్వమే "మీరు". మన జాతకంలో లగ్నానికి ఉన్నంత పట్టు ఇక్కడ దీనికుంది. సంవత్సరం మీ వంశాన్నీ, చుట్టూ ఉన్న లోకాన్నీ చెబుతుందంటారు. వాట్సాప్ పట్టిక ఎందుకు అతకదో ఇప్పుడు తెలిసిందిగా.

60 రోజుల ఈ చక్రం మూడు వేల ఏళ్ల నాటి షాంగ్ రాజుల ఎముక శాసనాల్లోనే ఉంది. దాన్ని పట్టుకోవడానికి మనకి ఒక మేకు చాలు. 2000 జనవరి 7 ఆ చక్రంలో మొదటి రోజు. మీ పుట్టినరోజుకీ ఆ తేదీకీ మధ్య ఎన్ని రోజులో ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఏదైనా తేదీల క్యాలిక్యులేటర్‌తో చూడండి. మీరు ఆ తేదీ తర్వాత పుడితే, వచ్చిన సంఖ్యలో చివరి అంకె తీసుకోండి. ముందు పుడితే, చివరి అంకెని 10లోంచి తీసేయండి (అంకె 0 అయితే 0గానే ఉంచండి).

0 వస్తే జియా, యాంగ్ చెట్టు, నిటారుగా ఎదిగిన మహావృక్షం. 1 యీ, యిన్ చెట్టు, తీగ. 2 బింగ్, యాంగ్ నిప్పు, సూర్యుడు. 3 డింగ్, యిన్ నిప్పు, దీపం. 4 వు, యాంగ్ మట్టి, కొండ. 5 జీ, యిన్ మట్టి, సాగునేల. 6 గెంగ్, యాంగ్ లోహం, గొడ్డలి. 7 షిన్, యిన్ లోహం, నగ. 8 రెన్, యాంగ్ నీరు, మహానది. 9 గ్వేయ్, యిన్ నీరు, మంచు, వాన.

ఈ బొమ్మలు చదువుతుంటేనే తేడా తెలుస్తుంది. మహావృక్షం వంగదు, గాలికి విరుగుతుంది. తీగ ఎక్కడ పందిరి దొరికితే అక్కడ అల్లుకుంటుంది. సూర్యుడు అందరికీ ఒకేలా కాస్తాడు, ఎవరినీ ప్రత్యేకంగా చూడడు. దీపం ఒక గదికే వెలుగు, కానీ ఆ గదిలోవాళ్లకి అదే సర్వం.

రాత్రి 11 దాటి పుట్టినవాళ్లు జాగ్రత్త. పన్నెండు జంతువుల గంటల్లో మొదటిదైన ఎలుక గంట రాత్రి 11 నుంచి 1 దాకా. 11కే మర్నాటి తేదీ మొదలైనట్టని కొందరు, పన్నెండుకే అని కొందరు అంటారు. రెండు విధాలా వేసి చూడండి.

7. రుతువు చూసి తూకం వేయండి

రోజు తత్వానికి బలముందో లేదో చెప్పేది పుట్టిన నెల. పులి నెల ఫిబ్రవరి 4 ప్రాంతంలో మొదలవుతుంది, అక్కణ్నుంచి ఇంగ్లీషు నెల 4 నుంచి 8 తేదీల మధ్య ఒక్కో జంతువు మారుతుంది. పులి, కుందేలు నెలలు (ఫిబ్రవరి, మార్చి) చెట్టువి. పాము, గుర్రం నెలలు (మే, జూన్) నిప్పువి. కోతి, కోడి నెలలు (ఆగస్టు, సెప్టెంబరు) లోహానివి. పంది, ఎలుక నెలలు (నవంబరు, డిసెంబరు) నీటివి. వీటి మధ్యన వచ్చే ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మట్టివి. గంటలకీ ఇదే జంతువుల వరస. రాత్రి 11 నుంచి ఎలుక, 1 నుంచి ఎద్దు, 3 నుంచి పులి, 5 నుంచి కుందేలు, అలా రెండేసి గంటలు. ఇందులో సూర్యుడి సమయం చూస్తారు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది కాబట్టి హైదరాబాద్‌లో పుట్టినవాళ్లు సుమారు 16 నిమిషాలు తగ్గించుకోవాలి. విశాఖ వాళ్లకి ఆ తేడా లెక్కలోకి రాదు.

ఒక జాతకం వేసి చూద్దాం. 1984 జనవరి 14, ఉదయం 6 గంటలు, హైదరాబాద్. ఫిబ్రవరి రాలేదు కాబట్టి 1983 కిందికి వస్తుంది: నీటి పంది, పైనా కిందా నీరే. నెల ఎద్దు, మట్టి. రోజు కోసం 2000 జనవరి 7 దాకా లెక్కిస్తే 5837 రోజులు. చివరి అంకె 7, పదిలోంచి తీస్తే 3, డింగ్, దీపం. అదే 5837ని 12తో భాగిస్తే శేషం 5, దాన్ని 12లోంచి తీస్తే 7. ఎలుకని 0 అనుకుని లెక్కపెడితే ఏడోది మేక, మట్టి. గంట కుందేలు, చెట్టు. నెలకీ గంటకీ పైతత్వాలు మాత్రం వేరే పట్టికలోంచి తీయాలి, ఏ చైనా జాతకం యాప్ అయినా ఇస్తుంది. ఇక్కడ నెలకి చెట్టు, గంటకి నీరు. మొత్తం నీరు మూడు, చెట్టు రెండు, మట్టి రెండు, నిప్పు ఒకటి. లోహం లేనే లేదు.

పట్టిక ఏమంటుంది? "పంది, సుఖజీవి, భోజనప్రియుడు." ఎనిమిది అక్షరాలు ఏమంటున్నాయి? నడి చలికాలంలో ఒక చిన్న దీపం, చుట్టూ మూడు వైపుల నీళ్లు. జాగ్రత్తపరుడు, తన వెలుగు ఎక్కడ ఆరిపోతుందోనని లోపల ఒక బెరుకు. కానీ రెండు చెట్లున్నాయి. నీరు నేరుగా దీపం మీద పడకుండా చెట్టుని పెంచుతుంది, చెట్టు దీపానికి చమురవుతుంది. చదువుతోనో, గురువుతోనో, తల్లి తరఫు అండతోనో ఎదిగే మనిషి అని చదువుతారు, ఎందుకంటే "నన్ను పోషించే తత్వం" ఈ పద్ధతిలో తల్లికీ చదువుకీ గుర్తు.

కొత్తవాళ్లు ఇక్కడ ఒక తొందరపాటు చేస్తారు: లోహం లేదు, కాబట్టి లోహం కావాలి, బంగారు ఉంగరం పెట్టుకోవాలి. ఆగండి. ఈ జాతకంలో లోహం వస్తే ఏం చేస్తుంది? ఉన్న నీటికి ఇంకా నీరు పుట్టిస్తుంది, దీపాన్ని కాపాడుతున్న చెట్టుని నరుకుతుంది. లేనిదల్లా లోటు కాదు. పిల్లల పేర్లలో తక్కువైన తత్వపు అక్షరం చేర్చడం చైనాలో పాత అలవాటు, మన దగ్గర న్యూమరాలజీ కోసం పేరులో అదనపు అక్షరాలు దూర్చినట్టే. బాగా చదివినవాళ్లు ముందు తూకం చూస్తారు, తర్వాతే చేర్చాలా వద్దా అంటారు.

8. ఇద్దరి మధ్య పొందిక

ఆరేళ్ల తేడా ఉన్న జంతువులు ఎదురెదురు: ఎలుకకి గుర్రం, ఎద్దుకి మేక, పులికి కోతి, కుందేలుకి కోడి, డ్రాగన్‌కి కుక్క, పాముకి పంది. నాలుగేళ్ల తేడా ఉన్నవి జట్టు: ఎలుక, డ్రాగన్, కోతి కలిస్తే నీరు. ఎద్దు, పాము, కోడి కలిస్తే లోహం. పులి, గుర్రం, కుక్క నిప్పు. కుందేలు, మేక, పంది చెట్టు. ఇది సంవత్సరాల మధ్య చూసేది. గట్టిగా చూసేవాళ్లు ఇద్దరి రోజు తత్వాల్నీ పోలుస్తారు. మీది దీపం, అవతలివాళ్లది తీగ అయితే, వాళ్లు మిమ్మల్ని పోషిస్తున్నారన్నమాట; పోషించేవాళ్లు అలసిపోతారని కూడా గుర్తుంచుకోండి.

మీ జంతువు సంవత్సరమే మళ్లీ వచ్చినప్పుడు, అంటే 12 ఏళ్లకోసారి, మంచిదనుకుంటాం. చైనాలో అది గండం. ఆ ఏడాదంతా ఎర్ర మొలతాడు, ఎర్ర సాక్స్, ఎర్ర లోదుస్తులు వేసుకుంటారు. పన్నెండేళ్ల లెక్క వెనకున్నది గురు గ్రహం. గురువు ఒక్కో రాశి మారితే మనకి ఒక్కో నదికి పుష్కరం. వాళ్లు గురువుకి ఎదురు దిశలో తిరిగే ఊహా గ్రహాన్ని పెట్టుకుని, దాన్ని ఆ ఏటి అధిదేవతగా కొలుస్తారు. ఆ దేవత కూర్చున్న చోటే మీ జంతువు ఉంటే ఆయనకి అడ్డొచ్చినట్టు.

సంబంధాలు కుదిర్చేటప్పుడు దీన్ని వాడొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇప్పుడు 1966 కథ. నిప్పు గుర్రం ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగుతుందని జపాన్‌లో నమ్మకం. పదిహేడో శతాబ్దంలో ఎడో (నేటి టోక్యో) నగరంలో ఇల్లు తగలబెట్టి శిక్ష పడ్డ ఓషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు అలాంటి నిప్పు గుర్రం ఏటే పుట్టిందని కథ అల్లారు. ఆ భయంతో 1965లో సుమారు 18 లక్షలున్న జననాలు 1966లో సుమారు 13.6 లక్షలకి పడిపోయాయి. దేశం మొత్తం ఒక జంతువు బొమ్మ చూసి పిల్లల్ని కనడం తగ్గించేసింది. మూలా నక్షత్రం ఆడపిల్లకి మామగారి గండం అని సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మనకీ కొత్త కాదు. 2026 ఫిబ్రవరి 17 నుంచి 2027 ఫిబ్రవరి 5 దాకా మళ్లీ నిప్పు గుర్రమే. ఆ మధ్య ఇంట్లో పాప పుడితే, 6వ మెట్టు ప్రకారం ఆమె రోజు తత్వం ఏదైనా కావచ్చు, పదిలో ఒకటి.

ఈ లెక్కని ఏనాడో నిలదీసింది కూడా చైనావాడే. మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే పండితుడు అడిగాడు: నీరు నిప్పుని గెలుస్తుందంటారు, ఎలుక నీరు, గుర్రం నిప్పు, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదు? లోహం చెట్టుని గెలుస్తుందంటారు, మరి కోడి కుందేల్ని ఎందుకు పొడవదు?